330 కిలోమీటర్లే కదా! బీఆర్‌ఎం లెక్క స్కాట్లండ్ కొండల్లో ఎందుకు తప్పుతుంది

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నాలుగైదు బీఆర్‌ఎంలు (గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్‌లు) చేసి, తర్వాత చదువుకో ఉద్యోగానికో స్కాట్లండ్ చేరినవాళ్ళ నోట ఒక లెక్క తరచూ వినిపిస్తుంది. "బ్యాడ్జర్ డివైడ్ 330 కిలోమీటర్లే కదా. 300 బీఆర్‌ఎం ఇరవై గంటల్లో కొట్టేశాం. మట్టిదారి కాబట్టి ఇంకో పది గంటలు వేసుకున్నా శనాదివారాల్లో అయిపోతుంది." బ్యాడ్జర్ డివైడ్ అంటే స్కాట్లండ్ కొండల మీదుగా ఇన్వర్‌నెస్, గ్లాస్గో ఊళ్ళని కలిపే సైకిల్ దారి. కూడికలో తప్పేమీ లేదు. తప్పంతా కొలబద్దలో ఉంది.

బీఆర్‌ఎం టైమ్ లిమిట్లు చేసినవాళ్ళకి కంఠతా వచ్చు. 200కి పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40. అన్నింటి వెనకా గంటకి 15 కి.మీ. అనే ఒకే సగటు కూర్చుని ఉంటుంది. అది తారు రోడ్డు సగటు. పైగా మన దగ్గర ఆ తారు రోడ్డు పక్కన టీకొట్టు ఉంటుంది, ఇడ్లీ బండి ఉంటుంది, పంక్చర్ షాపు ఉంటుంది, ఏదీ లేకపోతే సైకిల్ ఎక్కించుకునే లారీ అయినా ఉంటుంది. ఇవేవీ లేని చోట అదే సగటు పట్టుకుని బయల్దేరడం ఈత వచ్చు కదా అని గోదావరి వరదలో దిగడం లాంటిది.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇలాంటి దారికి కిలోమీటర్ల లెక్క పక్కన పెట్టేయాలి. అడగాల్సినవి రెండే ప్రశ్నలు. ఇక్కణ్ణుంచి తర్వాత తప్పుకోగలిగిన చోటికి ఎన్ని గంటలు? అక్కడ తినడానికి ఏమైనా దొరుకుతుందా? గేర్లు, టైర్లు, సంచులు, సెలవులు అన్నీ ఈ రెంటికి వచ్చిన జవాబుని బట్టి తేలతాయి. చాలామంది ముందు సైకిల్ కొని, తర్వాత సెలవు పెట్టి, చివర్లో మ్యాప్ చూస్తారు.

గంటల లెక్క

దారి స్థూలంగా ఇదీ: ఇన్వర్‌నెస్ నుంచి లాక్ నెస్ (లాక్ అంటే అక్కడ సరస్సు) పక్క కొండల మీదుగా ఫోర్ట్ అగస్టస్, అక్కడ కొరియారాక్ కనుమ ఎక్కి దిగితే లాగన్, ఆపైన ఎస్టేటు దారుల్లో లాక్ ఒస్సియన్, కొరౌర్ స్టేషన్, రానక్, గ్లెన్ లయన్ లోయ, కిల్లిన్, కాలండర్, ఆబర్‌ఫోయిల్, చివరికి గ్లాస్గో. దారి చూపే ఏ జీపీఎక్స్ ఫైలు ఫోన్లోకి దింపుకున్నామన్నదాన్ని బట్టి పది ఇరవై కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఎక్కుళ్ళన్నీ కలిపితే 4,500 మీటర్ల ప్రాంతం.

1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు నడిచేవాళ్ళకి ఒక లెక్క ఇచ్చాడు. మూడు మైళ్ళకి ఒక గంట, ఆపైన ఎక్కే ప్రతి 2,000 అడుగులకి ఇంకో గంట. మన కొలతల్లో 5 కిలోమీటర్లకి గంట, 600 మీటర్ల ఎత్తుకి గంట. నూట ముప్పై ఏళ్ళయినా కొండ నడకలకి ఇప్పటికీ అదే మొదటి లెక్క. దాన్ని కాస్త వంచి సైకిల్‌కి వాడుకోవచ్చు. సామానుతో ఉన్న మామూలు రైడర్‌కి తారు మీద గంటకి 17 కి.మీ., గట్టి కంకర మీద 13, రాళ్ళదారిలో ఎనిమిది తొమ్మిది, దిగి తోసుకుంటూ పోతే 4. ఎక్కుడు లెక్క నైస్మిత్‌దే ఉంచండి. వచ్చిన మొత్తానికి ఐదో వంతు కలపండి. గేట్లు తీసి మళ్ళీ వేయడం, వాన జాకెట్ తొడగడం, పది నిమిషాలకే ఉడికిపోయి విప్పడం, వాగు దగ్గర నీళ్ళు పట్టడం, ఇవన్నీ ఆ ఐదో వంతులోకి వస్తాయి.

ఫోర్ట్ అగస్టస్ నుంచి లాగన్ దాకా చూద్దాం. సుమారు 35 కి.మీ. బీఆర్‌ఎం లెక్కన రెండు గంటల ఇరవై నిమిషాలు. ఇప్పుడు రెండో లెక్క. కనుమ దాటి మెల్గార్వ్ దాకా 19 కి.మీ. రాళ్ళదారికి రెండు గంటలు, 750 మీటర్ల ఎక్కుడికి గంటంబావు, అక్కణ్ణుంచి లాగన్ దాకా తారుకి ఇంకో గంట. మొత్తం నాలుగుంబావు, ఐదో వంతు కలిపితే ఐదు గంటలు. రెట్టింపుకి పైమాటే.

మొత్తం దారికీ ఇదే చేయండి. తారు మూడో వంతు, గట్టి కంకర సగం, మిగతాది రాళ్ళు అనుకుంటే దూరానికి దాదాపు 26 గంటలు, ఎక్కుళ్ళకి ఏడున్నర, ఐదో వంతుతో కలిపి 40. ఈ అంకె బీఆర్‌ఎం చేసినవాళ్ళకి ఎక్కడో విన్నట్టు ఉండాలి, అది 600కి ఇచ్చే టైమ్ లిమిట్. అంటే 300 బీఆర్‌ఎం అనుకుని బయల్దేరినవాడు నిజానికి 600కి నిలబడ్డాడు, అదీ కంట్రోల్ పాయింట్లు (బీఆర్‌ఎంలో మధ్యమధ్య ఆగి హాజరు వేయించుకునే చోట్లు) లేని 600. రోజుకి పది గంటలు తొక్కినా నాలుగు రోజులు. నిద్ర, తిండి, వాన కోసం ఇంకొకటి వేసుకుంటే ఐదు.

ఈ వేగాలు నేను వేసుకున్న అంచనాలే. గట్టివాళ్ళు పావు వంతు తగ్గించుకోవచ్చు. తగ్గించినా శనాదివారాల్లోకి మాత్రం రాదు.

కొరియారాక్ దగ్గర ఏమవుతుంది

1731లో జనరల్ వేడ్ సైన్యం నడవడానికి వేయించిన రోడ్డు ఇది. కనుమ ఎత్తు 770 మీటర్లు. ఫోర్ట్ అగస్టస్ దాదాపు సముద్ర మట్టంలో ఉంటుంది. అలిపిరి నుంచి తిరుమల ఎక్కే ఎత్తు కంటే కాస్త ఎక్కువే అనుకోవచ్చు. తేడా ఏమిటంటే అక్కడ నున్నటి ఘాట్ రోడ్డు, ఇక్కడ పిడికిలంత రాళ్ళు. మోటారు బళ్ళకి అనుమతి లేదు. 2015లో పూర్తయిన బ్యూలీ-డెన్నీ కరెంటు లైను టవర్లు కనుమ మీదుగా దాటతాయి. అందం చెడిందని కొండ ప్రేమికులు ఇప్పటికీ గొణుగుతూనే ఉంటారు. పొగమంచులో చిక్కుకున్న సైకిల్‌వాడికి మాత్రం టవరు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది.

ఎక్కేటప్పుడు కాలు నొప్పెడుతుంది, అంతే. సామాను విరిగేది దిగేటప్పుడు. దక్షిణం వైపు దారి మెలికలు తిరుగుతూ జారుతుంది. మూడు శతాబ్దాల వానలు పైనున్న మట్టిని కడిగేశాయి, అడుగు రాయి బయటపడింది. నీళ్ళు రోడ్డుని కోసేయకుండా అడ్డంగా రాతి కాలవలు కట్టారు. రెండు వరసల రాళ్ళు, మధ్యలో జానెడు గుంట. పైనుంచి వేగంగా వచ్చేవాడికి ఆ గుంట ఆఖరి క్షణం దాకా కనిపించదు. ముందు చక్రం ఎలాగో దాటుతుంది, ఎందుకంటే మనిషి అప్రయత్నంగా హ్యాండిల్ లేపుతాడు. వెనక చక్రానికి ఆ అదృష్టం లేదు. సీటు కింద సంచి బరువంతా దాని మీదే ఉంటుంది. అవతలి అంచు రాయి టైరుని రిమ్ దాకా నొక్కేస్తుంది, టైరుకి రెండు చోట్ల కోత పడుతుంది. ట్యూబ్‌లెస్ కాబట్టి పాముకాటు పంక్చర్ రాదనుకుంటారు గానీ, వస్తుంది. పైగా కోత టైరు అంచు దగ్గర పడితే అక్కడ ప్లగ్ నిలవదు. సీలెంట్ (చిల్లులు పూడ్చడానికి టైరులో పోసే ద్రవం) మొత్తం తొడ మీదికి చిమ్ముతుంది.

అందుకే ఈ దిగుడులో గంటకి 15 మించకుండా రావాలి. పెడల్స్ సమంగా పెట్టి, సీటు మీంచి లేచి, కాలవని నేరుగా, సరిగ్గా లంబకోణంలో దాటాలి. ఏటవాలుగా దాటితే చక్రం రాళ్ళ సందులో ఇరుక్కుంటుంది. అనుమానం వస్తే దిగి నడిపించండి. మూడు నాలుగు కాలవలు నడిచి దాటితే పోయేది ఐదు నిమిషాలు. రిమ్ సొట్టపడితే పోయేది మొత్తం ప్రయాణం.

టైరు 45 మి.మీ. కన్నా సన్నం వద్దు. ఫ్రేములో చోటుంటే 50 వేయండి. మనిషీ సామానూ కలిపి 85 కిలోలు, సైకిల్ పది కిలోలు అనుకుంటే 45 టైరుకి గాలి వెనక 32 నుంచి 35 పీఎస్‌ఐ, ముందు రెండు మూడు తక్కువ. బయల్దేరే ముందు వారంలో ఒక్కో టైరులో అరవై డెబ్భై మిల్లీలీటర్ల కొత్త సీలెంట్ పోయండి. రెండు మూడు నెలల కిందట పోసింది లోపల ఎండి రబ్బరు ముద్దయి ఉండొచ్చు. సంచిలో ప్లగ్గులు, ఒక ట్యూబు, కోత పడిన టైరుకి లోపలి నుంచి అతికించే బూట్ ముక్క ఉండాలి. బూట్ లేకపోతే టూత్‌పేస్ట్ ట్యూబు కోసి పరిచినా కిల్లిన్ దాకా లాగుతుంది.

గేరు విషయంలో పౌరుషం పనికిరాదు

ఇక్కడ చాలామందితో నాకు పేచీ. "కాళ్ళలో బలం ఉంటే ఏ గేరైనా ఒకటే" అంటారు. కాసేపు లెక్క వేద్దాం.

షోరూంలోంచి వచ్చే చాలా గ్రావెల్ బైకులకి (కంకర, మట్టిదారుల కోసం చేసిన సైకిళ్ళు) ముందు 40 పళ్ళ చైన్‌రింగ్, వెనక పెద్ద పళ్ళచక్రం 42. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 0.95 చుట్టు. చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లు, నిమిషానికి 60 చుట్ల చొప్పున తొక్కితే గంటకి ఏడున్నర కిలోమీటర్లు. 75 కిలోల మనిషి, సైకిలూ సామానూ నీళ్ళూ మరో 22 కిలోలు. పది శాతం వాలు, కంకర రాపిడి కలుపుకుంటే దీనికి సుమారు 227 వాట్లు కావాలి. వాలు మీద గంట సేపు అది పెట్టగలిగేవాళ్ళు ఉన్నారు. నాలుగు రోజులు వరసగా, తడి బట్టల్లో, అరకడుపుతో పెట్టగలిగేవాళ్ళు అరుదు. మరి మిగతావాళ్ళు ఏం చేస్తారు? చుట్లు 60 నుంచి 45కి పడిపోతాయి, ఒక్కో తొక్కుకీ మోకాలు మీద భారం పెరుగుతుంది. మూడో రోజు పొద్దున మెట్లు దిగలేకపోయేది ఇందుకే.

అదే ముందు 38, వెనక 52 వేస్తే పెడల్ చుట్టుకి చక్రం 0.73 చుట్టు. అవే 60 చుట్లకి గంటకి 5.8 కి.మీ., 175 వాట్లు. యాభై వాట్లు మిగిలాయి. వేగంలో పోయింది గంటకి రెండు కిలోమీటర్ల లోపు. అంతకన్నా చవకైన బేరం ఉండదు. 46/30 డబుల్ చైన్‌రింగ్‌తో, వెనక 11 నుంచి 34 పళ్ళ చక్రాలు ఉన్నవాళ్ళకి చివరి గేరు 0.88 వస్తుంది. పనికొస్తుంది గానీ ఊపిరి ఆడేంత కాదు.

తారు మీద 38 చైన్‌రింగ్‌తో దిగుళ్ళలో పెడల్ ఖాళీగా తిరుగుతుంది నిజమే. అప్పుడు తొక్కకండి, ఆ కాసేపు ఒక పల్లీపట్టి తినండి.

డిరైలర్ (వెనక గేర్లు మార్చే పరికరం) ఫ్రేముకి వేలాడే హ్యాంగర్ గురించి ఒక్క మాట. సైకిల్ కుడివైపుకి ఒరిగి రాయి మీద పడితే మొదట వంగేది ఆ చిన్న అల్యూమినియం ముక్కే. వంగిన దాంతో పెద్ద పళ్ళచక్రంలోకి వేస్తే డిరైలర్ స్పోకుల్లోకి వెళ్ళిపోతుంది. హ్యాంగర్ ఫ్రేముని బట్టి మారుతుంది, దారిలో కొందామంటే దొరకదు. మీ ఫ్రేముది ఒకటి ముందే తెప్పించి సంచిలో పడేసుకోండి. బరువు ఇరవై ముప్పై గ్రాములు.

బ్రేక్ ప్యాడ్లు

వానలో గ్రానైట్ రజను డిస్క్‌కి పట్టిందంటే సానరాయే. ఎండలో వెయ్యి కిలోమీటర్లు వచ్చే రెజిన్ ప్యాడ్లు తడి కంకరలో రెండు రోజులకే ఇనుప పలకదాకా అరిగిపోవచ్చు. సింటర్డ్ మెటల్ ప్యాడ్లు కాస్త కీచుమంటాయి, కానీ నిలబడతాయి. మీ రోటర్ (బ్రేక్ డిస్క్) మెటల్ ప్యాడ్లకి పనికొస్తుందో లేదో ముందే చూసుకోండి, కొన్ని రోటర్ల మీద "రెజిన్ ప్యాడ్లు మాత్రమే" అని చెక్కి ఉంటుంది. రెండు జతలు వెంట ఉండాలి.

రోజూ సాయంత్రం చక్రం మీదుగా టార్చి వేసి చూడండి. ప్యాడ్ మీద పదార్థం అర మిల్లీమీటరుకి దిగితే మార్చేయాలి, "రేపు ఒక్క రోజు లాగుద్దాం" వద్దు. చక్రం తీయండి. పాత ప్యాడ్లు అందులోనే ఉండగా వాటి మధ్య టైరు లివర్ దూర్చి పిస్టన్లని నెమ్మదిగా వెనక్కి నొక్కండి. పిన్ లాగి పాతవి తీసి, కొత్తవి స్ప్రింగుతో సహా దూర్చి పిన్ వేయండి. చక్రం పెట్టి లివర్ గట్టిపడేదాకా పది పన్నెండు సార్లు నొక్కండి. కొత్త ప్యాడ్లతో నేరుగా కొండ దిగకూడదు. చదునులో పది పదిహేను సార్లు వేగం తెచ్చుకుని నెమ్మదిగా ఆపితేనే అవి పట్టు పడతాయి. ఇదంతా ఇంట్లో ఒకసారి చేసి చూసినవాడికి పావుగంట పని. మొదటిసారి వానలో చేసేవాడి చేతిలోంచి జారిన పిన్ గడ్డిలో దొరకదు.

తప్పుకునే చోట్లు

ఫోర్ట్ అగస్టస్‌లో దుకాణాలు ఉన్నాయి. తర్వాత నమ్మదగ్గ దుకాణం కిల్లిన్‌లోనే అనుకుని బయల్దేరాలి. మధ్యలో సుమారు 140 కి.మీ., మన గంటల లెక్కన రెండు పూర్తి రోజులు. కొరౌర్‌లోనూ గ్లెన్ లయన్‌లోనూ తిండి దొరికే చోట్లు ఉన్నా అవి సీజన్‌ని బట్టి, వేళని బట్టి తెరుస్తారు. తెరిచి ఉంటే పండగే. మూసి ఉంటే ఆకలి కాకూడదు.

రోజుకి 4,000 కేలరీలు వేసుకుంటే, వంద గ్రాములకి 450 ఇచ్చే తిండి రోజుకి 900 గ్రాములు. రెండు రోజులకి దాదాపు రెండు కిలోలు. ఇక్కడ మన తిండి గురించి కాస్త కఠినంగా మాట్లాడక తప్పదు. పులిహోర మొదటి రోజు మధ్యాహ్నానికి భేష్. రెండో రోజుకి మోయడం దండగ, వండిన అన్నంలో మూడింట రెండొంతులు నీళ్ళే. పల్లీపట్టి, వేరుశెనగ వెన్న రాసి చుట్టిన చపాతీ, ఖర్జూరం, జీడిపప్పు, రాత్రికి వేయించి పోపు కలిపి పెట్టుకున్న ఉప్మా రవ్వ, ఇవి బరువుకి తగ్గ బలం ఇస్తాయి. గ్యాస్ డబ్బా విమానంలో రానివ్వరు, ఇన్వర్‌నెస్‌లోనే కొనండి.

ఇక తప్పుకోవడం. లాగన్ నుంచి రోడ్డు మీద పది పన్నెండు కిలోమీటర్లు పోతే న్యూటన్‌మోర్‌లోనో డాల్విన్నీలోనో రైలు దొరుకుతుంది. కొరౌర్‌లో దారి స్టేషన్ గుమ్మం ముందుకే వెళ్తుంది. 408 మీటర్ల ఎత్తున, మామూలు జనం వాడే రోడ్డంటూ లేని స్టేషన్ అది. రోజుకి ఒక్కో దిక్కుకి మూడు నాలుగు రైళ్ళు. అక్కణ్ణుంచి బురద నేలల మీదుగా దక్షిణానికి దిగితే రానక్ రోడ్డు తగులుతుంది. కుడికి తిరిగితే రెండు మూడు కిలోమీటర్లలో రానక్ స్టేషన్. ఎడమకి తిరిగితే గ్లెన్ లయన్ వైపు దారి.

ఈ మలుపు దగ్గర ఆగాలి. ఇంతదాకా వచ్చినవాళ్ళు "కష్టమంతా అయిపోయింది, ఇక కిందికే" అనుకుని ఆలోచించకుండా ఎడమకి తిరుగుతారు. మ్యాప్ చూస్తే అలాగే అనిపిస్తుంది, ఉత్తరాన కొండలు, దక్షిణాన పల్లెలు. రైలు పటం పెట్టి చూడండి, కథ తలకిందులవుతుంది. కిల్లిన్, కాలండర్ స్టేషన్లు 1965లో మూతపడ్డాయి. కిల్లిన్ నుంచి దగ్గరి స్టేషన్ క్రియన్‌లారిక్, ఇరవై కిలోమీటర్ల పైన, లారీలు దూసుకుపోయే ఏ85 రోడ్డు మీద. రానక్ దాటాక మళ్ళీ దారి పక్కనే రైలు తగిలేది గ్లాస్గో పొలిమేరల్లోనే. కాబట్టి ఆ మలుపులో ఐదు నిమిషాలు నిలబడి చూసుకోండి. ప్యాడ్లు ఎంత మిగిలాయి? మోకాలు ఏమంటోంది? సంచిలో ఎన్ని వందల గ్రాముల తిండి ఉంది? సాయంత్రం వాన ఎంత? రెంటికి జవాబు బాగాలేకపోతే కుడికి తిరగండి. అందులో సిగ్గేం లేదు.

ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. బయల్దేరే ముందే 999కి "రిజిస్టర్" అని ఇంగ్లిషులో మెసేజ్ పంపి ఎమర్జెన్సీ ఎస్సెమ్మెస్ కోసం నమోదు చేసుకోండి. మాట వెళ్ళని చోట మెసేజ్ వెళ్ళొచ్చు.

ఆ దారి అసలు ఎందుకుంది

ఈ దారిలో చాలా భాగం ప్రైవేటు ఎస్టేట్ల లోపలి నుంచి పోతుంది. అయినా ఎవరినీ అడగక్కర్లేదు. 2003 నాటి స్కాట్లండ్ భూసంస్కరణల చట్టం కాలినడకకీ సైకిల్‌కీ గుడారానికీ, బాధ్యతగా ఉన్నంతవరకు, హక్కు ఇచ్చింది. సరిహద్దు దాటి ఇంగ్లండ్‌లోకి వెళ్తే ఈ హక్కు ఇలా ఉండదు. అందుకే ఇలాంటి దారులు ఇక్కడ ఇన్ని పుట్టాయి. "ఎవరిదో పొలం, ఎవరైనా వచ్చి కేకలేస్తారేమో" అనే మన బెరుకు ఇక్కడ అక్కర్లేదు, గేటు ఎలా ఉంటే అలా వదిలిపెడితే చాలు. ఆగస్టు నుంచి అక్టోబరు మూడో వారం దాకా జింకల వేట జోరు. ఎస్టేటు వాళ్ళు పలానా దారిన పొమ్మని బోర్డు పెడితే అలాగే పోవాలి.

గుడారం విషయంలో ఒక మెలిక ఉంది. దక్షిణాన లాక్ లోమండ్, ట్రోసాక్స్ నేషనల్ పార్కులో 2017 నుంచి కొన్ని చెరువు గట్ల మీద మార్చి నుంచి సెప్టెంబరు దాకా పర్మిట్ లేకుండా గుడారం వేయకూడదు. మూడు రాత్రులు ఎక్కడపడితే అక్కడ పడుకుని వచ్చినవాళ్ళు నాలుగో రాత్రి కాలండర్ పరిసరాల్లో ఈ నియమానికి తగులుకుంటారు. ఉత్తరాన మాత్రం బాతీలు ఉన్నాయి. తాళాలు లేని రాతి గుడిసెలు, 1965లో మొదలైన మౌంటెన్ బాతీస్ అసోసియేషన్ స్వచ్ఛందంగా చూసుకుంటోంది. కొరియారాక్‌కి ఇటు బ్లాక్‌బర్న్, అటు మెల్గార్వ్. మంచాలు, కరెంటు ఆశించకండి. నాలుగు గోడలు, పైకప్పు, అంతే. వానలో అదే స్వర్గం.

వాన అంటే మనకి మరో భ్రమ. చలి అంటే మంచు, మంచు లేదంటే చలి లేదు అనుకుంటాం. ఇక్కడ జులైలో కూడా కింద 13 డిగ్రీలుంటే కనుమ మీద ఎనిమిది. దానికి గాలి, తడి బట్టలు, ఎక్కేటప్పుడు పట్టిన చెమట కలిస్తే దిగేటప్పుడు వేళ్ళు బ్రేక్ నొక్కలేవు. కాటన్ బట్టలు ఇంట్లో వదిలేయండి. కనుమ మీద ఆగి ఫొటో తీసుకునే ముందే వెచ్చటి పొర వేసుకోండి, తర్వాత కాదు. వాన లేని రోజున మిడ్జ్‌లు. మన దోమకి పిల్లలా ఉంటాయి గానీ వందలుగా వస్తాయి. గంటకి పది పన్నెండు కిలోమీటర్ల గాలి వీస్తే ఎగరలేవు. కాబట్టి గుడారానికి గాలి తగిలే గట్టు చూసుకోండి, చెట్ల మాటు చల్లటి చోటు కాదు. తలకి వల తప్పనిసరి. మే, జూన్ మొదటి వారాలు మేలు. అప్పటికి మిడ్జ్‌లు ఇంకా విజృంభించవు, మే చివరికి వెలుగు 17 గంటల పైనే ఉంటుంది.

ఎదురు వాదనలు

ఈ దారిని రెండు రోజుల్లోపు చేసేవాళ్ళున్నారు, వాళ్ళ సంగతేమిటి అని అడుగుతారు. ఉన్నారు. వాళ్ళు గుడారం మోయరు, మూడు గంటలు బాతీలో కునుకు తీస్తారు, దారిలో ప్రతి కాలవా తెలుసు. వాళ్ళ టైమింగ్ చూసి మన సెలవు లెక్కేసుకోవడం ఒలింపిక్స్ చూసి పరుగు పందెంలో పేరు ఇవ్వడమే. వాళ్ళు కూడా కిలోమీటర్లు లెక్కపెట్టరు. దుకాణం మూసే వేళలు లెక్కపెడతారు.

రెండో వాదనకి నా దగ్గర అంత తేలిగ్గా జవాబు లేదు. నెమ్మదిగా పోతే ఎక్కువ రోజులు, ఎక్కువ రోజులంటే ఎక్కువ తిండి, ఎక్కువ బట్టలు, ఎక్కువ బరువు. బరువు పెరిగితే ఇంకా నెమ్మది. ఐదు రోజులకి సర్దినవాడి సామాను 14 కిలోలవుతుంది, మూడు రోజులవాడిది ఏడు. ఏడు కిలోలవాడు కొరియారాక్ తొక్కుకుంటూ ఎక్కుతాడు, 14 కిలోలవాడు తోసుకుంటూ. ఆ వలయంలో నిజం ఉంది. నేను చేసే రాజీ ఇదీ: రోజులు పెంచండి, సామాను పెంచకండి. పడకా గుడారమూ ఎన్ని రోజులకైనా ఒకటే బరువు. రెండో జత తొక్కుడు బట్టలు అక్కర్లేదు, పొడిగా పడుకోవడానికి ఒక జత చాలు. తిండి ఎప్పుడూ రెండు రోజులదే, కిల్లిన్‌లో మళ్ళీ కొనుక్కుంటారు. ఇలా చూస్తే ఐదు రోజులవాడి సంచి కూడా తొమ్మిది పది కిలోల్లో ఆగుతుంది. ఆగకపోతే సీటు సంచిలోకి బరువు తోయకుండా ఫ్రేము సంచిలో నింపండి. సీటు సంచిలో బరువైనవి సీటు మొనవైపు, తేలికవి తోకవైపు. తోకవైపు బరువుంటే రాళ్ళదారిలో అది కుక్క తోకలా ఊగి సైకిల్‌ని నడిపిస్తుంది.

గ్రావెల్ బైకే ఎందుకు, పాత హార్డ్‌టెయిల్ ఎమ్‌టీబీ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ బైక్) చాలదా అని కూడా అడుగుతారు. చాలు, కొన్ని చోట్ల నయం కూడా. అది ఉన్నవాళ్ళు ఈ దారి కోసం గ్రావెల్ బైక్ కొనక్కర్లేదు. తారు మీద గంటకి రెండు మూడు కిలోమీటర్లు పోగొట్టుకుంటారు, కొరియారాక్ దిగుడులో దాన్ని వడ్డీతో సహా రాబట్టుకుంటారు. దుకాణాల వాళ్ళకి ఈ మాట నచ్చదు.

మిగిలింది దిక్కు. ఎక్కువమంది ఇన్వర్‌నెస్ నుంచి గ్లాస్గోకి తొక్కుతారు. కానీ ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, అంటే దక్షిణానికి పోయేవాడికి ఎదురుగాలి. అటు నుంచి ఇటు వస్తే గాలి వీపు మీద ఉంటుంది, కానీ కొరియారాక్ మెలికలు ఎక్కాలి, సగం దాకా తోసుకుంటూ. అయితే మొదటి రెండు రోజులు దుకాణాలుంటాయి, సామాను సర్దుబాటు చేసుకునే వీలుంటుంది, కాళ్ళు కుదుటపడ్డాకే అడవి మొదలవుతుంది. నాకు రెండోదే సబబనిపిస్తుంది. కాకపోతే గ్లాస్గో, ఇన్వర్‌నెస్ మధ్య రైల్లో సైకిల్‌కి చోటు ముందే బుక్ చేసుకోవాలి, ఒక్కో రైల్లో ఉండేది కొన్ని చోట్లే. వేసవి సెలవుల్లో అవి ఎప్పుడో నిండిపోతాయి. ఏ వైపు టికెట్ దొరికితే ఆ వైపు తొక్కుతారు.